సతీర్థ్యలు: గుంటూరు, పలనాటి సీమల బాలికావిద్యాచరిత్రమున నొక ప్రకరణము

ఒకే గురువునొద్ద చదివినవారికి అమరసింహుడు తన నిఘంటువున 'సతీర్థ్యులు' అను పేరు చెప్పియున్నాడు. గురువు తీర్థము, ఆ తీర్థమును గలిసి సేవించినవారు సతీర్థ్యులు. తోబుట్టువులను దైవ మిచ్చును, బంధువులను పెండ్లి యిచ్చును, సతీర్థ్యులను బడి యిచ్చును. మన వాఙ్మయమున సతీర్థ్యుల కథలకు కొదువ లేదు. సాందీపనియొద్ద చదివిన శ్రీకృష్ణకుచేలుల మైత్రి నెఱుగని తెలుగు బాలుడు లేడు. ద్రోణద్రుపదుల మైత్రి చెడి యెంత పోరు దెచ్చెనో భారతము చెప్పుచున్నది. అయితే 'సతీర్థ్య' యను స్త్రీలింగశబ్దమునకు ఉదాహరణము లడిగినచో పండితులు సైతము కొంత తడవు ఆలోచింపవలసి వచ్చును.

ఉదాహరణములు లేకపోలేదు. భవభూతి ఉత్తరరామచరితమున ఆత్రేయి యను తాపసి వాల్మీకి యాశ్రమమున కుశలవుల ప్రజ్ఞతో సమానముగా చదువు సాగింపజాలక, వేదాంతవిద్య నభ్యసించుటకై అగస్త్యాదులుండు దండకారణ్యమునకు ఒంటరిగా బయలుదేఱినది. ఆ కవియే మాలతీమాధవమున కామందకిని చూపినాడు. నానాదేశములనుండి వచ్చి యొకచోట విద్య నేర్చిన కాలమున భూరివసు దేవరాతులు తమ బిడ్డలకు వివాహము చేయుదుమని ప్రతిజ్ఞ చేసికొనిరి. ఆ ఇరువురును మంత్రులైరి. నాటి మాటను మనసున నిలుపుకొని దానిని నెఱవేర్చుటకు నాటకమంతయు పాటుపడినది వారితో గలిసి చదివిన కామందకి. గురుపత్నిని 'ఉపాధ్యాయాని' యనియు, తానే చదువు చెప్పు స్త్రీని 'ఉపాధ్యాయి' యనియు కోశకారులు వేఱుపఱచిరి. పాణిని సూత్రమునుండి తెలియు 'ఛాత్రిశాల' యను మాటకు విద్యార్థినుల వసతిగృహమని యర్థము చెప్పిన చరిత్రకారులును కలరు. మాటలు మిగిలినవి; ఆ శాలలు మాత్రము మిగులలేదు.

మన ప్రాంతమున బాలికావిద్యను గూర్చి వ్రాయువారు ఏ పాఠశాల నెవరు స్థాపించిరి, ఏ సంవత్సరమున స్థాపించిరి, విరాళ మెవరిచ్చిరి యను విషయములను వ్రాయుదురు. అవి వ్రాయదగినవే. వార్షికసభల సంచికలయందు దాతల ఛాయాచిత్రములు ముద్రించుటయు న్యాయమే. ఆ బల్లలమీద గూర్చున్న బాలికలు ఒకరి కొకరు ఏమైరో మాత్రము వ్రాసినవా రరుదు. బాలికోన్నతపాఠశాల స్త్రీకి జేసిన ఉపకారములలో అక్షరజ్ఞానము మొదటిది; సతీర్థ్య యను క్రొత్త చుట్టఱికము రెండవది. మొదటిదానికి లెక్కలు కలవు. రెండవదానికి జ్ఞాపకములే యాధారము. ఆ జ్ఞాపకములను గూర్చియు, అవి యేల చెదరిపోవుచున్నవో దానిని గూర్చియు, మన సంఘము చేయదగిన పనిని గూర్చియు ఇందు మనవి చేయుచున్నాము.

బడి లేని కాలమున ఆడుబిడ్డకు స్నేహితురాండ్రు లేరని మేమనము. బొమ్మలపెండ్లిండ్లు, గొబ్బెమ్మలు, అట్లతద్ది యుయ్యెలలు, నీలాటిరేవు, పత్తిచేను, ఇన్నిచోట్లను చెలిమి కలదు. కాని ఆ చెలిమిలో నధికభాగము వీధిలోనిదో, వంశములోనిదో అయియుండెను. మేనత్తకూతురు, పినతల్లికూతురు, వదినె, తోడికోడలు, ఇట్లు పిలుచుటకు ప్రతివారికిని ఒక వరుస యుండెను. వరుసలేని యొక బాలికతో ప్రతిదినము అయిదాఱు గంటలు ప్రక్కప్రక్కన గూర్చుండి, ఒకే పుస్తకము చూచి, ఒకే తప్పునకు గలిసి చీవాట్లు తిని, ఒకరి మాట నొకరు కాదనుచు పెరుగుట బడి వచ్చిన పిదపనే సంభవించెను.

ఈ భాగ్యము లేని విదుషీమణి యొకరిని తలచుకొన్నచో దాని విలువ తెలియగలదు. 1874వ సంవత్సరమున కృష్ణామండలమున జన్మించిన భండారు అచ్చమాంబగారికి చిన్ననాటనే వివాహమయ్యెను. ఆమె బడిలో చదువలేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయన సాహాయ్యమున ఇంటనే భాషలు నేర్చిరి. అట్లు చదివిన యామె 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వ్రాసి స్త్రీల చరిత్రములను తెలుగువారికి తెచ్చియిచ్చిరి. తన ప్రక్కన గూర్చుండి చదివిన చెలికత్తె యొకతెయు లేనందున, చరిత్రమునుండి స్త్రీలను వెదకి తెచ్చి తోడు చేసికొనిరా యని మాకు తోచుచుండును. 1902లో ఆమె ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. బడిలో దొరకని సాహచర్యమును సమాజమున కల్పించుకొనిరి. 1905లో, ముప్పదియొక్క యేండ్లు నిండకమున్నే, స్వర్గస్థులైరి.

ఇక పాఠశాలల మాట. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. గుంటూరుసీమలో మొదట నీ పనికి పూనినవారిలో క్రైస్తవ మిషనువారు ముఖ్యులు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మతగురువు హేయరు 1849లో పలనాటికి వచ్చి గురజాలయందు పనిచేసెను. లూథరన్ మిషనువారి స్టాల్ బాలికోన్నతపాఠశాల గుంటూరున చిరకాలమునుండి ప్రసిద్ధము. 1904లో విదేశమునుండి వచ్చిన జె.ఎం.జె. సన్యాసినులు గుంటూరున బాలికావిద్యకు పూనుకొనిరి. ఈ బడులకు తమ బిడ్డలను పంపుటకు పెద్దలు సందేహించిన కాలము కలదు. సందేహించినవారి మనుమరాండ్రే తరువాత వానియందు ఉపాధ్యాయినులైరి.

ఈ కథలో మన పలనాటి కత్యంత సన్నిహితులు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. వీరు 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించిరి. 1902లో గుంటూరున వితంతుశరణాలయమును నెలకొల్పిరి. పలనాటి రైతులు పుల్లరి నిరాకరించిన దినములలో వారి కష్టములు విచారింప వచ్చి కారాగారము పాలైరి. 'మాలపల్లి' నవలను రాయవేలూరు కారాగారముననే వ్రాసిరి. 1922లో తమ ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారితో గలిసి గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. చదువుతోపాటు చేతిపనులును నేర్పి, బాలికలు తమ కాళ్లపై తాము నిలుచునట్లు చేయుట దాని యాశయము. నవలాకర్తగా ఉన్నవవారిని లోక మెఱుగును. నికేతనమును కన్నతల్లివలె నడపిన లక్ష్మీబాయమ్మగారిని గుంటూరువారు మఱువలేదు.

ఒకే పైకప్పు క్రింద నిద్రించి, ఒకే పంక్తిని భుజించి, ఒకే పాఠమును చదువుట యనునది పగటిబడి చదువుకంటె గాఢమైన సంబంధము. పగటిబడి బాలిక సాయంకాలము మరల ఒకరి కూతురో, ఒకరి మనుమరాలో యగును. వసతిగల విద్యాలయమున బాలిక రేయింబగళ్లు విద్యార్థినియే. తల్లి లేని పిల్ల జడను మఱియొక పిల్ల వేయును. జ్వరము వచ్చినదానికి మఱియొకతె కావలి కూర్చుండును. ఇట్టివి ఏ నివేదికలయందును ఎక్కవు.

స్త్రీల చెలిమి ఈ కాలముననే సాహిత్యమునను ప్రవేశించెను. బాపట్లవారగు కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికయందు 1928 మొదలు కొన్ని సంవత్సరములు 'శారద లేఖలు' ప్రకటించిరి. శారద యను స్త్రీ తన స్నేహితురాలగు కల్పలతకు వ్రాయు నుత్తరములుగా అవి సాగినవి. వివాహము, చదువు, దేశసేవ, సంసారమునందలి చిక్కులు, అన్నియు వానియందు చర్చకు వచ్చినవి. వరలక్ష్మమ్మగారు వ్యాసములు వ్రాయలేకకాదు. ఆడువారు మనసిచ్చి వినునది చెలికత్తె మాట యని యెఱిగి లేఖారూపము నెన్నుకొని రని మా యూహ.

దుర్గాబాయమ్మగారి చరిత్రమును నిట్టిదే. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన యామె, తాను బాలికగా నున్నప్పుడే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల పెట్టిరి. 1937లో మద్రాసున ఆమె స్థాపించిన ఆంధ్రమహిళాసభ, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు స్త్రీలను తరిఫీదుచేసెను. ఆ తరగతులలో ఈడుమీఱినవారును, చదువు నడుమ నాగినవారును కలిసి కూర్చుండిరి. సతీర్థ్య యగుటకు వయస్సు అడ్డము గాదని ఆ సభ నిరూపించెను. స్త్రీవిద్యపై కేంద్రప్రభుత్వము నియమించిన జాతీయసంఘమునకు 1958లో ఆమెయే అధ్యక్షురాలైరి.

మఱియొక కారణమును చెప్పవలయును. 1929లో పుట్టి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలుకు వచ్చిన శారదాశాసనము బాలిక వివాహవయస్సును 14గా నిర్ణయించెను. అది 1949లో 15కును, 1978లో 18కిని పెరిగెను. ఆ శాసనములయందు స్నేహమను మాట లేదు. అయినను పెరిగిన ప్రతిసంవత్సరమును బాలికను మఱియొక సంవత్సరము బల్లపై గూర్చుండనిచ్చెను. 14 ఏండ్లనగా ఉన్నతపాఠశాల నడుమ. 18 ఏండ్లనగా ఇంటర్మీడియేటు ముగింపు. 1942లో గుంటూరున ప్రభుత్వ మహిళాకళాశాల యేర్పడిన తరువాత ఆ చెలిమి కళాశాలదాక సాగుటకు దారి యేర్పడెను.

ఇక మన పిడుగురాళ్ల. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వము నెఱపినదని వీరగాథలు కొనియాడు పలనాటికి ఈ యూరు ముంగిలి. సున్నపుబట్టీల తెల్లని పొగయు, నల్లరేగడిలో పత్తియు, కళ్లములయందు ఎఱ్ఱని మిరపయు దీని గుఱుతులు. గుంటూరు మాచెర్ల రైలుమార్గము ఊరిమీదుగా పోవును. ఈ పలనాటి ప్రాంతపు బాలికోన్నతపాఠశాల యొకదానియందు మేము తెలుగు, సంస్కృతములు చెప్పిన కాలమున చూచినదియు, నాటి విద్యార్థినులు నేడు నడివయసున మాకు చెప్పినదియు కొంత వ్రాయుచున్నాము.

వారెవరును మేము చెప్పిన పాఠములను మొదట తలచుకొనరు. ప్రక్క నెవరు కూర్చున్నదియు తలచుకొందురు. తుమ్మలచెరువు, నడికూడి వైపునుండి రైలులో వచ్చు పిల్లలు ఆలస్యమైనచో వారి చోటున పుస్తకము పెట్టి కాచినవారిని తలచుకొందురు. సున్నపుబట్టీలో పనిచేయువారి కూతురు పావడాపై తెల్లని పొడితో వచ్చినచో, గంట కొట్టకముందే నలుగురు చేరి దులిపి లోనికి తెచ్చిన సంగతి చెప్పుదురు. మధ్యాహ్నము చెట్టుక్రింద జొన్నరొట్టె గోంగూరపచ్చడి యొకవైపునకు, పెరుగన్నము మఱియొకవైపునకు చేతులు మాఱిన సంగతి చెప్పి, ఆ మాట యింటిలో చెప్పలేదని నవ్వుదురు. ఇద్దఱు ముప్పదియేండ్లకు గుంటూరు బస్సునిలయమున కలిసికొని, ఒకరి నొకరు పోల్చలేక తడబడుచుండగా, ఒకతె 'రమా రమే రమాః' అని యెత్తుకొన్నదట. రెండవయామె తరువాతి విభక్తి నందుకొన్నదట. వ్యాకరణమునకు ఇంతకుమించిన ప్రయోజనమును మేము కోరము.

ఒక జ్ఞాపకము మఱువరానిది. మిరపకోతల దినములలో కొందఱు బాలికలు తెల్లవాఱుజామున చేనికి పోయి కాయలు కోసి, పిమ్మట బడికి వచ్చెడివారు. చేతులు మంటలెత్తి కలము పట్టనీయవు. ఆ చేతితో కన్ను తుడుచుకొన్న కంటనీరు నిలువదు. అట్టి దానికి ప్రక్కపిల్ల రెండు ప్రతులు వ్రాసెడిది, తనకొకటి, చెలికొకటి. పరీక్షాపత్రములు దిద్దుచు ఇద్దఱి నోటుపుస్తకములయందు నొకే దస్తూరి యుండుట గమనించి మేము కారణ మడిగితిమి. ఆ బాలిక తల వంచుకొని, "దానికి చేతులు మండుతున్నాయండీ" యనెను. సౌహార్దమునకు లక్షణము చెప్పుటకు ఆలంకారికు లెన్నో గ్రంథములు వ్రాసిరి. అంత సూటిగా చెప్పినదానిని మేము చదువలేదు.

ఇట్టి చెలిమి పెక్కుచోట్ల పదవతరగతితో తెగిపోవుచుండెను. మగపిల్లవాడు ఎంత దూరము పోయినను వాని యింటిపేరు మాఱదు; ఊరు అడిగినచో జాడ దొరకును. ఏబది యేండ్లకైనను ఫలానా యింటివాడు ఫలానాచోట నున్నాడని తెలియును. ఆడుబిడ్డకు పెండ్లితో ఊరు మాఱును, ఇంటిపేరును మాఱును. పాఠశాల ప్రవేశపట్టికయందున్న పేరుగల స్త్రీ లోకమున ఎక్కడను కానరాదు. ఒక చెలికత్తె మఱియొక చెలికత్తెను వెదకవలెనన్న ఏ పేరుతో వెదకవలయును? హాజరుపట్టీలో సంవత్సరము నడుమ పేరుమీద ఎఱ్ఱసిరాగీత యొకటి పడును. ప్రక్కన 'వివాహము' అని వ్రాయుదురు. ఆ గీతతో చదువేగాక ఒక బల్లయందలి నలుగురి లోకమును తెగును.

ముప్పదియేండ్లకు పైబడిన మాట. ఒక బాలికకు పరీక్షలకు ముందే పెండ్లి నిశ్చయింపగా ఆమె బల్లయందలి ముగ్గురు తమ చిల్లరడబ్బులు కూడబెట్టి ఒక స్టీలుచెంబు కొని, దానిపై నలుగురి పేర్లును చెక్కించి యిచ్చిరి. మొన్న ఆమె మనుమరాలి బారసాలలో ఆ చెంబును మాకు చూపినది. నీళ్లు పోసి పోసి అక్షరములు కొంత అరిగినవి. నాలుగు పేర్లును పుట్టింటిపేళ్ల పొడియక్షరములతో నున్నవి. ఆ నలుగురి పుట్టింటిపేళ్లు ఒక్కచోట నున్నది యీ చెంబుమీద మాత్రమే యని ఆమె చెప్పినది. మన సంఘము ఇంతవఱకు ప్రకటించిన కులచరిత్రములయందును, గోత్రపట్టికలయందును ఆమె పేరు లేదు, భర్తపేరు కలదు.

మహాశయులారా! ఇది గడిచిన కథ మాత్రమే యయినచో మేమింత వ్రాయము. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి గుంటూరుజిల్లాలో స్త్రీలలో నూటికి సుమారు 60 మంది మాత్రమే అక్షరాస్యలు; పురుషులలో దాదాపు 75 మంది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకముందే పెండ్లియైనది. 2006 నాటి శాసనము దీనిని నిషేధించియున్నది. 2004లో కేంద్రప్రభుత్వ మారంభించిన కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయములు వసతినిచ్చి పేదబాలికలను చదివించుచున్నవి. ప్రభుత్వము చేయునది చేయుచుండగా సంఘము చేయదగినది మిగిలియే యున్నది.

మన సంఘము వసతిగృహ మనగా చిరకాలము బాలుర వసతిగృహమే యని తలచెను. అందు చదివినవారే నేడీ వేదికపై పెద్దలైరి. సభలలో వారు కలిసికొన్నప్పుడు, "వాడు నాతో చదివినవాడు" అని భుజము తట్టుకొనుట మనము చూచుచున్నాము. ఆ యొక్క మాటతో ఉద్యోగములు దొరకినవి, వ్యాపారములు సాగినవి, సంబంధములు కుదిరినవి. అట్టి యండ ఆడుబిడ్డకు లేకపోవుట ఆమె దోషము గాదు; మనము ఏర్పఱుపకపోవుటయే కారణము. కావున మూడు పనులను సవినయముగా ప్రతిపాదించుచున్నాము.

మొదటిది: బాలికలకు వసతిగృహము. అది ముఖ్యముగా మిరపకోతల కాలమున తెఱచి యుండవలయును. తలిదండ్రులు పనులకై ఊరు విడుచు నెలలలోనే బాలిక బడి విడుచును గదా. రెండవది: ఆ గృహమున మన కులమువారికి కొన్ని చోట్లు నిలిపినను, తక్కిన కులములవారికిని చోటుండవలయును. ఇందుకు కొందఱు పెద్దలు సమ్మతింపకపోవచ్చును. మన ద్రవ్యముతో కట్టినది మనవారికే యనుట సహజమే. అయినను సతీర్థ్యత్వమును నిర్ణయించునది గురువు, జన్మము గాదు. జొన్నరొట్టెయు పెరుగన్నమును చేతులు మాఱిన చెట్టునీడను మనము కొనితెచ్చి యిచ్చుచు, నడుమ గోడ కట్టరాదు. బయటి కులములవారి చెలిమివలన మన బాలురు చెడిపోలేదు. బాలికలు మాత్ర మేల చెడుదురు? మూడవది: మన సంఘమున చదివిన స్త్రీల పట్టిక. దానియందు ప్రతి స్త్రీ పేరును పుట్టింటిపేరుతో, చదివిన పాఠశాలతో, విడిచిన సంవత్సరముతో వ్రాయవలయును; మెట్టినింటిపేరు దాని ప్రక్కన నుండవచ్చును. ప్రతి వార్షికసభయందు ఒక పూట వారు కలిసికొనుటకు విడువవలయును. ఆ పూట ఉపన్యాసములు వలదు. వారికి మాటలాడుకొనుటకు చాలినంత యున్నది.

ఈ పట్టికకు వ్యయము స్వల్పము. ప్రతి గ్రామమున నొక అక్షరాస్య కోడలు పూనుకొన్నచో ఒక వేసవిలో పూర్తియగును. వృద్ధులగు తల్లులు, అత్తలు తమ పుట్టింటిపేరు చెప్పుచు ఎంత సంతోషింతురో అడిగినవారికి తెలియును. దాతల పేర్లు శిలలమీద నుండనిండు. ఈ పేర్లు కాగితముమీద నైన నుండనిండు. రాబోవు సంచికయందు ఆ పట్టిక మొదటిభాగము ప్రకటితమై, దానిని చదివి ఎచ్చటనో యొక గృహిణి, "ఇది మా బల్లలోనిదే" యని తన చిన్ననాటి చెలిని గుర్తించిన నాడు ఈ వ్యాసము సఫలమైనదని భావింతుము.

సర్వే జనులకును, విశేషించి చదువుకొనుచున్న బాలికలకును శుభమగుగాక.